రోజువారీ గీతలను ఓర్చుకునే ఫినిష్ ఏది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను రోజూ ఉదయం పరుగెత్తుతాను, వారంలో మూడు రోజులు బరువులు ఎత్తుతాను, మిగతా పగలంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పని చేస్తాను. నిద్రపోయేటప్పుడు తప్ప వాచ్ తీయను. ఇంతకు ముందు వాడిన నల్లటి స్టీలు వాచ్ ఏడాది తిరగకముందే అంచుల దగ్గర తెల్లబడిపోయింది. ఇప్పుడు నేను కొనాలనుకుంటున్న స్పోర్ట్స్ వాచ్ నాలుగు రకాలుగా దొరుకుతోంది: అద్దంలా మెరిసే స్టీలు, బ్రష్డ్ స్టీలు, నల్ల పూత వేసిన స్టీలు, బూడిద రంగు టైటానియం. వీటిలో గీతలు పడనిది ఏదో చెప్పగలరా?

జవాబు: మీరు చెప్పిన నాలుగింటిలో గీతలు పడనిది ఒక్కటీ లేదు. అందువల్ల మీ ప్రశ్నను కొద్దిగా మార్చుకుని, గీతలు పడిన తరువాత కూడా చూడబుద్ధయ్యేది ఏది అని అడిగితే సరైన జవాబు దొరుకుతుంది. వాచ్ కొనేవారిలో చాలామంది లోహం ఎంత గట్టిదో మాత్రమే విచారిస్తారు. ఆ గీత కంటికి ఎలా కనిపిస్తుందన్నది ఉపరితలాన్ని ఎలా తీర్చిదిద్దారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ముందు గట్టిదనం సంగతి చూద్దాం. ఒక వస్తువు మీద గీత పడాలంటే దానికంటే గట్టి వస్తువు తగలాలి. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త రూపొందించిన కొలమానంలో వజ్రానికి 10, కురువిందానికి (కెంపు, నీలం రాళ్ల ఖనిజం) 9, క్వార్ట్జ్‌కు 7 స్థానాలు ఉన్నాయి. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జే. గాలిలో ఎగిరే దుమ్ములోనూ, సిమెంటు గోడలోనూ, వ్యాయామశాల నేల మీదా, మీరు చేయి ఆనించే బల్ల మీదా దాని సన్నని రేణువులు ఉంటూనే ఉంటాయి. స్టీలూ టైటానియమూ రెండూ క్వార్ట్జ్ కంటే మెత్తనివే కాబట్టి, గోడకు రాసుకున్నా, దుమ్ము పట్టిన వాచ్‌ను పొడిగుడ్డతో తుడిచినా ఆ రేణువులు తమ పని తాము చేసుకుపోతాయి.

లోహాల గట్టిదనాన్ని మరింత సూక్ష్మంగా చెప్పడానికి వికర్స్ కొలమానం వాడతారు, అందులో అంకె పెరిగేకొద్దీ గట్టిదనం పెరిగినట్టు. వాచీలలో మామూలుగా వాడే 316ఎల్ స్టీలు ఆ లెక్కలో సుమారు 150 నుంచి 220 వరకు ఉంటుంది. టైటానియం అనగానే గట్టి లోహం అనుకోవడం సహజమే కానీ, అందులో రెండు ముఖ్యమైన రకాలున్నాయని గుర్తుంచుకోవాలి. గ్రేడ్ 2 అనే దాదాపు శుద్ధమైన టైటానియం స్టీలుతో సమానంగానో, ఇంకాస్త మెత్తగానో ఉంటుంది. అల్యూమినియం, వెనేడియం కలిపిన గ్రేడ్ 5 మాత్రం సుమారు 350 వరకు వెళుతుంది. కొనేటప్పుడు ఉత్త టైటానియం అన్న మాటతో తృప్తి పడకుండా ఏ గ్రేడో తప్పకుండా అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలియక, తేలికగా ఉందన్న మెచ్చుకోలుతో కొని, రెండో వారానికే గీతలు చూసి బాధపడిన వారిని నేను ఎరుగుదును.

ఇక కంటికి కనిపించే తీరు గురించి చెబుతాను, మీ నిర్ణయం తేలవలసింది ఇక్కడే. అద్దంలా పాలిష్ చేసిన ఉపరితలం వెలుగును ఒకే దిక్కుకు తిప్పి పంపుతుంది కాబట్టి, వెంట్రుకలో పదోవంతు మందం ఉన్న గీత కూడా ఆ వెలుగును చెదరగొట్టి తనను తాను చూపించుకుంటుంది. మెత్తటి గుడ్డతో అజాగ్రత్తగా తుడిచినా దాని మీద సాలెగూడు లాంటి గీతలు తేలుతాయి. బ్రష్డ్ ఫినిష్ తయారు చేసేటప్పుడే ఒకే దిశలో వేలాది సన్నని గీతలు గీసి పెడతారు, అందుకే ఆ వరుస వెంబడి పడిన కొత్త గీత పాతవాటిలో కలిసిపోతుంది. వరుసకు అడ్డంగా పడినది మాత్రం కనిపిస్తుంది, అది కూడా వెలుగు ఒక కోణంలో పడినప్పుడే. గాజుపూసలతో కొట్టి మసకగా చేసిన మాట్ ఫినిష్ దుకాణంలో ఎంతో నిబ్బరంగా కనిపిస్తుంది కానీ, దానికి వేరే బలహీనత ఉంది. రాపిడి తగిలిన చోట గరుకుదనం అణగిపోయి ఆ మేర మెరుస్తుంది, మసక నేపథ్యం మీద ఆ మెరుపు మచ్చ దూరం నుంచే తెలుస్తుంది. టైటానియం వాచీలలో చాలావాటికి ఈ మాట్ ఫినిషే వేస్తారు కాబట్టి, మీరు చూస్తున్నది బ్రష్డ్ టైటానియమో, మాట్ టైటానియమో పరిశీలించండి.

మీ పాత నల్ల వాచ్‌కు ఏమైందో ఊహించడం కష్టం కాదు. నల్లటి పూత ఎంత గట్టిదైనా దాని కింద ఉన్నది తెల్లని స్టీలే. పూత ఒక్క చోట తెగితే నలుపు మీద తెలుపు గీత పడుతుంది, అంతకంటే కొట్టొచ్చినట్టు కనిపించే కలయిక మరొకటి లేదు. అంచుల దగ్గరే ముందు పోవడానికి కారణం, తగిలిన బలమంతా అక్కడ అతి చిన్న చోటులో కేంద్రీకృతం కావడమే. నేనూ ఒకప్పుడు నల్ల పూత వాచ్ వాడాను. తలుపు గడియకు ఒక్కసారి తగిలి బెజెల్ (గాజు చుట్టూ ఉండే కట్టు) మూలన పడిన తెల్లని చుక్క మీదికే, వేళ చూసుకున్న ప్రతిసారీ నా కన్ను వెళ్లేది. మిగతా వాచ్ అంతా కొత్తదానిలాగే ఉన్నా ఆ చుక్క వల్ల దాని మీద మనసు విరిగింది.

అయినా నల్ల పూతలన్నీ ఒకటి కావు. పివిడి అనేది పదార్థం పేరు కాదు, శూన్యంలో ఆవిరి రూపంలో పొరను అతికించే పద్ధతి పేరు. ఆ పద్ధతిలో టైటానియం నైట్రైడ్ లాంటి ఎంతో గట్టి పదార్థాన్నీ వేయవచ్చు, పేరుకు మాత్రమే గట్టిదైన అలంకార పొరనూ వేయవచ్చు. అందుచేత పివిడి అని రాసి ఉన్నంత మాత్రాన ఏ హామీ వచ్చినట్టు కాదు. డిఎల్‌సి, అంటే వజ్రాన్ని పోలిన కార్బన్ పూత, వికర్స్ లెక్కలో 1500 దాటి వెళ్లగలదు, బల్ల మీది రాపిడిని నిజంగానే చాలా కాలం తట్టుకుంటుంది. కానీ దాని మందం కొద్ది మైక్రాన్లే. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మెత్తటి నేల మీద పరిచిన పలుచని గాజు పలకను తలచుకోండి: పైన చీపురు రాసినా దానికేమీ కాదు, బరువైన రాయి పడితే మాత్రం కింద నేల కుంగి పలక పగులుతుంది. డిఎల్‌సి పూత కింద మామూలు స్టీలు ఉంటే గట్టి దెబ్బకు జరిగేది ఇదే. కింది లోహం పైపొరను ముందుగానే గట్టిపరచి, ఆ తరువాత నల్ల పూత వేసినవి దీనికంటే ఎంతో మేలు. సిటిజన్ సంస్థ డ్యూరాటెక్ట్ పేరుతోనూ, జర్మనీకి చెందిన సిన్ సంస్థ టెగిమెంట్ పేరుతోనూ లోహపు ఉపరితలాన్ని గట్టిపరచే పద్ధతులను వాడుతున్నాయి. వీటిలో ఉపరితలపు గట్టిదనం వికర్స్ లెక్కలో 1000కి పైగా ఉంటుంది. నలుపే కావాలని మనసు పట్టుబడితే ఇలాంటిదాన్నే వెతకండి.

ఉన్న నాలుగింటిలో ఎంచుకోవలసి వస్తే, గ్రేడ్ 5 టైటానియం బ్రష్డ్ ఫినిష్‌లో దొరికితే దానికే నా ఓటు. టైటానియం గాలి తగలగానే తన మీద తానే పలుచని ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. దాని సహజమైన రంగు కూడా కొంచెం మసకబారిన బూడిద రంగే కావడం వల్ల, సన్నని గీతలు మెరిసే తీగల్లా కాకుండా మసకగా కనిపించి క్రమంగా చుట్టుపక్కల కలిసిపోతాయి. గ్రేడ్ సంగతి తేలకపోతే బ్రష్డ్ స్టీలు తీసుకోండి. పాలిష్ చేసిన స్టీలు మీ దినచర్యకు బొత్తిగా తగదు.

ఇంకొక మాట. బరువులు ఎత్తడం వల్లే గీతలు పడతాయని మీరు అనుకుంటూ ఉండవచ్చు. మీ దినచర్య చూస్తే ఎక్కువ గంటలు ల్యాప్‌టాప్ ముందే గడుస్తున్నాయి. లోహపు పట్టీ ఉన్న వాచ్‌లో ముందుగా పాడయ్యేది మణికట్టు అడుగున ఉండే క్లాస్ప్ (పట్టీని బిగించే కొక్కెం), అది రోజంతా బల్ల అంచుకో, ల్యాప్‌టాప్ అంచుకో రాసుకుంటూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ అల్యూమినియం మెత్తనిదే అయినా దాని మీద రంగు కోసం పెంచిన ఆక్సైడ్ పొర స్టీలు కంటే గట్టిగా ఉంటుంది. సిలికోన్ పట్టీనో, నేత పట్టీనో వేసుకుంటే మీ ఫిర్యాదులో సగం అక్కడే తీరుతుంది.

ప్రశ్న: సఫైర్ గాజు మీద గీతలు పడవని చెప్పి అమ్మారు. ఆరు నెలలకే ఏటవాలు వెలుగులో పొగమంచులాంటి సన్నని గీతలు కనిపిస్తున్నాయి. నన్ను మోసం చేశారా?

జవాబు: తొందరపడి అలా అనుకోకండి, ముందు రెండు చిన్న పరీక్షలు చేసి చూడండి. వాచీలలో వాడే సఫైర్ కృత్రిమంగా పెంచిన అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం, రసాయనికంగా కురువిందమే. మోస్ లెక్కలో దానిది 9వ స్థానం కాబట్టి ఇసుక దాన్ని గీయలేదు. వజ్రం, గరుకు కాగితాల మీద ఉండే సిలికాన్ కార్బైడ్ లేదా కురువిందపు పొడి లాంటివే గీయగలవు.

మొదటి పరీక్షకు పెన్సిల్ రబ్బరు చాలు. స్టీలుగానీ అల్యూమినియంగానీ సఫైర్‌కు రాసుకున్నప్పుడు, గాజు తెగకపోగా ఆ లోహమే అరిగి దాని మీద సన్నని చారగా అంటుకుంటుంది. చూడటానికి అది అచ్చం గీతలాగే ఉంటుంది. మెత్తని రబ్బరుతో రుద్దితే పోయిందంటే అది గీత కాదు, లోహపు మరక. సిరామిక్ బెజెళ్ల మీద కూడా ఇలాగే జరుగుతుంది, పాపం చాలామంది ఆ మరకలను శాశ్వతమైన గీతలనుకుని దిగులు పడతారు.

రబ్బరుతో పోకపోతే రెండో కారణం చూడాలి. సఫైర్ వెలుగును మామూలు గాజు కంటే ఎక్కువగా తిప్పికొడుతుంది. గాజు ఒక్కో తలం దగ్గర సుమారు 4 శాతం వెలుగును వెనక్కి పంపితే, సఫైర్ సుమారు 8 శాతం పంపుతుంది. ఎండలో అంకెలు కనిపించడం కోసం ఈ ప్రతిఫలనాన్ని తగ్గించే పలుచని పూతలు వేస్తారు. ఆ పూత బయటి వైపు కూడా ఉంటే, అది సఫైర్ అంత గట్టిది కాదు కాబట్టి గీసుకుపోతుంది. వాచ్‌ను వెలుగులో అటూ ఇటూ తిప్పినప్పుడు నీలం, ఊదా ఛాయలు కనిపించి, గీతలు ఆ రంగును కోసినట్టు ఉంటే మీ గాజు క్షేమంగానే ఉంది, దెబ్బ తిన్నది పూత మాత్రమే. మళ్లీ కొనేటప్పుడు పూత లోపలి వైపు మాత్రమే ఉన్నదాన్ని ఎంచుకోండి. మెరుపు కాస్త ఎక్కువైనా పైతలం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

గట్టిదనానికీ పగలకపోవడానికీ సంబంధం లేదని కూడా మీరు గమనించాలి. రసాయనికంగా బలపరచిన గాజులో ఉపరితలపు సోడియం అయాన్ల స్థానంలో పెద్దవైన పొటాషియం అయాన్లను చొప్పిస్తారు. దానివల్ల పైపొర బిగుసుకుని దెబ్బలకు ఓర్చుకుంటుంది, కానీ ఇసుక దాన్ని గీస్తుంది. సఫైర్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. ఎక్కువగా రాపిడి ఉండే వాడకానికి సఫైరే మేలు. రాళ్లెక్కే క్రీడల లాంటి దెబ్బలు తగిలే పనులకు, గాజు కంటే బెజెల్ అంచు కొంచెం ఎత్తుగా ఉన్న వాచ్‌ను చూసుకోవాలి.

ప్రశ్న: బరువులు ఎత్తేటప్పుడు ఇనుప కడ్డీ మీది గరుకు భాగం తగిలి వాచ్ కేస్ పాడవుతోంది. ప్లాస్టిక్ కవరు వేస్తే సరిపోతుందా?

జవాబు: చేతికి పట్టు దొరకడం కోసం ఆ కడ్డీ మీద చెక్కిన గళ్లు ఆకురాయి పళ్లలా పనిచేస్తాయి. మామూలు లోహపు ఫినిష్ ఏదీ దాని ముందు నిలవదు, నిలుస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. కవరు ఆ గంటసేపు ఉపయోగపడుతుంది, వ్యాయామం కాగానే తీసేయాలి. రోజంతా అలాగే ఉంచితే కవరుకూ కేస్‌కూ మధ్య చేరిన దుమ్ము, చెమట కలిసి గరుకు ముద్దలా తయారై, మణికట్టు కదిలిన ప్రతిసారీ ఫినిష్‌ను అరగదీస్తుంది. కాపాడటానికి వేసిన కవరు కిందే కేస్ మసకబారిన వాచీలు నేను చూశాను. నాడి లెక్క కోసమే వాచ్ కావాలనుకుంటే ఛాతీకి కట్టుకునే పట్టీ వాడి, వాచ్‌ను సంచిలో పెట్టుకోవడం అన్నింటికంటే క్షేమం. అయితే సంచిలో తాళాలతో కలిపి పడేయకండి.

ప్రశ్న: అన్నింటికంటే గట్టిది సిరామిక్ అంటున్నారు కదా, అందరూ అదే ఎందుకు వాడరు?

జవాబు: గీతల విషయంలో మీరు విన్నది నిజమే. వాచీలలో వాడే జిర్కోనియా సిరామిక్ వికర్స్ లెక్కలో సుమారు 1200 ఉంటుంది, రంగు కూడా పైన పూసినది కాదు, ఒళ్లంతా అదే రంగు. గీతలు పడని వాచ్ కోసం ప్రయత్నాలు కొత్తవేమీ కావు. రాడో సంస్థ 1962లోనే టంగ్‌స్టన్ కార్బైడ్‌తో డయాస్టార్ అనే వాచ్‌ను తెచ్చింది, 1986లో సిరామిక్ వాడటం మొదలుపెట్టింది. చిక్కల్లా స్టీలు సొట్ట పడే చోట సిరామిక్ పెచ్చు ఊడటమో, పగలడమో జరుగుతుంది. సొట్ట పడిన స్టీలు వాచ్‌ను ఏళ్ల తరబడి కట్టుకోవచ్చు, పగిలిన సిరామిక్ కేస్‌ను మార్చడం తప్ప మరో మార్గం లేదు. పని బల్ల దగ్గర గడిపేవారికి ఇది అద్భుతమైన పదార్థం. గట్టి నేల మీద చేయి జారవిడిచే అలవాటున్న వారికి నేను సిఫారసు చేయను. కేస్ లోహంతోనూ, బెజెల్ మాత్రం సిరామిక్‌తోనూ ఉన్న వాచ్ చాలామందికి మంచి మధ్యేమార్గం.

ప్రశ్న: అల్యూమినియం కేస్ ఉన్న రంగుల స్మార్ట్‌వాచ్‌లు, ప్లాస్టిక్ స్పోర్ట్స్ వాచీలు ఎలా ఉంటాయి?

జవాబు: రంగు అల్యూమినియం సంగతి నల్ల పూత లాంటిదే: ఆక్సైడ్ పొరలో ఇంకిన రంగు తెగితే కింద తెల్లని లోహం బయటపడుతుంది. ముదురు రంగుకు బదులు వెండి రంగు తీసుకుంటే గీత ఉన్నా కనిపించదు. ప్లాస్టిక్ కేస్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు, అది నాకు అన్యాయంగా తోస్తుంది. దాని రంగు లోపలి దాకా ఒకటే కాబట్టి గీత పడినా వేరే రంగు బయటపడదు, గరుకు ఉపరితలమైతే గీతలను మింగేస్తుంది. పిల్లలకూ, రోజూ మట్టిలో పనిచేసేవారికీ నేను మొదట చెప్పేది బూడిద రంగు ప్లాస్టిక్ కేస్ వాచే.

ప్రశ్న: ఇప్పటికే గీతలు పడిన బ్రష్డ్ స్టీలు వాచ్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా? టూత్‌పేస్టుతో రుద్దితే పోతాయని విన్నాను.

జవాబు: టూత్‌పేస్టు వద్దు. అందులోని సన్నని పొడి బ్రష్డ్ ఉపరితలాన్ని అక్కడక్కడా మెరిసేలా చేసి, ఉన్న గీతకు మచ్చను కూడా చేరుస్తుంది. పూత వేసిన వాచ్‌కైతే ఇంకా చేటు. పూత లేని బ్రష్డ్ స్టీలుకు, టైటానియానికి మాత్రమే ఇంట్లో చేయదగిన పని ఒకటుంది. ముందుగా వాచ్‌ను మంచినీటితో కడిగి, ఆరనిచ్చి, పట్టీ తీసేసి, పాలిష్ చేసిన భాగాలకూ గాజుకూ అంటుకునే టేపు వేసి పూర్తిగా కప్పండి. ఆ తరువాత సన్నని రకం రాపిడి పీచును, అంటే వంటింట్లో గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు కంటే నున్నగా ఉండేదాన్ని తీసుకుని, ఫినిష్‌లో గీతలు ఏ దిశలో ఉన్నాయో అదే దిశలో, ఒకే వైపుకు, తేలికగా లాగండి. వెనక్కీ ముందుకీ రుద్దినా, గుండ్రంగా తిప్పినా వరుస చెడిపోతుంది. మూడు నాలుగు సార్లు లాగి ఆగి, వెలుగులో చూసుకుని, అవసరమైతేనే కొనసాగించండి. ముందుగా క్లాస్ప్ అడుగున, ఎవరికీ కనిపించని చోట చేసి చూసుకుంటే చేయి అలవాటవుతుంది.

వేలిగోరు తట్టుకునేంత లోతైన గీత ఈ పద్ధతిలో పోదు, పోగొట్టాలని గట్టిగా లాగితే కేస్ అంచుల వాడి పోయి రూపమే మారిపోతుంది. అలాంటిదాన్ని అనుభవం ఉన్న పనివారికి అప్పగించండి, వారి దగ్గర కూడా మాటిమాటికీ పాలిష్ చేయించకండి, ఎందుకంటే చేసిన ప్రతిసారీ కొంత లోహం అరిగిపోతుంది. ఆ లోపల రోజూ వ్యాయామం కాగానే వాచ్‌ను నీటి ధార కింద పట్టి ఇసుక రేణువులు కడిగేసిన తరువాతే గుడ్డతో అద్దండి.